గెడ్డపాయనకి మూడు స్విచ్చులు

(భీమవరంలో ఒక ఆదివారం సాయంత్రం పెంపుడు జంతువులు పెంచుకునేవాళ్లు కలుసుకున్నప్పుడు, ఎలక్ట్రికల్ షాపు నడిపే ఒకాయన మాట్లాడిన మాటలకి రాతరూపం)

అందరికీ నమస్కారమండి. మైకు వెనక వరసకి వినపడుతోందా? ఆ, సరే.

ముందే చెప్పేస్తున్నాను, నేను పశువుల డాక్టర్ని కాదు. కుర్రతనంలో తణుకు, అనపర్తి వైపు కోళ్లఫారాల్లో వైరింగు చేసేవాణ్ణి. తర్వాత ఇక్కడి చెరువుల మీద ఏరేటర్ల పని, నీళ్లకి గాలి పట్టించే యంత్రాలన్నమాట. ఇప్పుడు షాపు. అంచేత లైట్లంటే నాకు తెలియనిదేముందిలే అనుకునేవాణ్ణి. ఆ పొగరు వల్లే మా ఇంట్లో ఒక నోరులేని జీవం మూడు నెలలు బాధపడింది. అక్కణ్ణుంచే మొదలెడతాను.

మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతుండగా ఒక బియర్డెడ్ డ్రాగన్ పిల్లని తెచ్చింది, గెడ్డం ఉన్న తొండలాంటి బల్లన్నమాట. అరచేతిలో పట్టేంత ఉండేది. మా అత్తగారు చూసి, "ఇదేటే, తొండని తెచ్చి నట్టింట్లో పెట్టావు" అన్నారు. అది ఆవిణ్ణి చూసి గొంతు కింద సంచి ఉబ్బించి నల్లగా చేసేసింది. అప్పట్నుంచి ఆవిడ దాన్ని పేరు పెట్టి పిలవరు, గెడ్డపాయన అంటారు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు గదా, ఇది ఏం ముదిరితే ఇలా అయిందో అని ఆవిడ ఎటకారం.

కావలసిన సామాన్ల చీటీలో 'యూవీ బల్బు' అని ఉంది. యూవీ అంటే మన కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు. ఆన్‌లైన్లో ఒకటి తెప్పించాను. మెలికలు తిరిగిన సీఎఫ్‌ఎల్, అట్టపెట్టె మీద ఎడారి బొమ్మ, పెద్దక్షరాల్లో 'యూవీ'. హోల్డర్లో బిగించాను, ఊదారంగుగా వెలిగింది. వెలిగింది గదా, ఇంకేం కావాలి? మా వృత్తిలో బల్బు వెలిగితే పని అయిపోయినట్టు లెక్క. బిల్లు రాసేస్తాం.

రెండు నెలలకి గెడ్డపాయన గెంతడం మానేశాడు. వేలెడు ఎత్తు రాయి ఎక్కడానికి కూడా ముందు గెడ్డం ఆనించి, తర్వాత ఒళ్లు ఈడ్చుకునేవాడు. ఒకరోజు పొద్దున్న చేతిలోకి తీసుకుంటే, ముందు కాలి వేళ్లు వాటంతటవే అదురుతున్నాయి. పాత టైపు ఇన్‌స్టిట్యూట్లో కాయితం పెట్టకుండా ఉత్తినే మీటలు కొడతారు చూడండి, అలాగ. పురుగుని పట్టుకుంటాడు, నమలబోతే కింది దవడ పక్కకి జారిపోతుంది. వేలితో మెల్లిగా నొక్కి చూస్తే ఎముక తగలాల్సినచోట రబ్బరు తగిలింది.

డాక్టరు గారు ఎక్స్‌రే తీసి గోడ లైటు మీద పెట్టారు. ఎముక తెల్లగా, కండ బూడిదగా కనపడాలి గదండి. రెండూ ఒకే రంగులో ఉన్నాయి. "కాల్షియం పొడి పూటపూటా వేస్తున్నామండి" అన్నాన్నేను. "వేస్తే చాలదు, ఒంటికి పట్టాలి గదా. ఏ లైటు పెట్టారు?" అన్నారాయన. నేను గర్వంగా ఆ బల్బు ఫొటో చూపించాను. (నవ్వులు) నవ్వండి, పర్వాలేదు.

ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలెట్టాను. చర్మంలో కొలెస్ట్రాల్‌కి దగ్గర చుట్టం లాంటి పదార్థం ఒకటి ఉంటుంది. సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే కిరణాలు, అంటే యూవీ-బి, దాని మీద పడితే అది డి3 విటమిన్‌కి ముందు రూపంగా మారుతుంది. అక్కణ్ణుంచి పూర్తి డి3 అవడానికి ఒంటి వెచ్చదనం కావాలి. తర్వాత కాలేయం ఓ చెయ్యి వేస్తుంది, మూత్రపిండాలు ఓ చెయ్యి వేస్తాయి. అప్పుడుగాని పేగు కాల్షియాన్ని లోపలికి రానివ్వదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె ఆగకుండా ఒళ్లే ఎముకల్ని కరిగించుకుని వాడుకుంటుంది. ఇంట్లో బియ్యం నిండుకుంటే దూలాలు అమ్ముకున్నట్టన్నమాట.

మనుషుల్లో పిల్లలకి వచ్చే రికెట్స్, దొడ్డికాళ్లు, అదీ ఈ గూటి పక్షే. 1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు పాదరసం దీపం వెలుగు పట్టి ఆ జబ్బు నయం చేశాడు. ఒక చేతికి మాత్రమే వెలుగు పడితే రెండో చేతి ఎముకలు కూడా బాగుపడటం ఆయన చూశాడు. ఇక్కడ భీమవరంలో నిలబడి ఇంకో మాట చెప్పకపోతే తప్పు. ఇలాంటి జబ్బుల్లో రక్తంలో కాల్షియంతోపాటు ఫాస్ఫరస్ కూడా కొలుస్తారు. ఆ ఫాస్ఫరస్‌ని రంగు చూసి లెక్కగట్టే పద్ధతి 1925లో ఫిస్కె అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది మన ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. గెడ్డపాయన రక్తపరీక్ష కాయితం మీద ఆ మాట చూసి, అత్తగారికి చదివి వినిపించాను. "ఆయనెవరో మనవాడేనా" అని సంతోషించారు, డ్రాగన్ సంగతి పక్కనపెట్టి.

సరే, అసలు సంగతి.

ఈ జంతువుది ఆస్ట్రేలియా. నడిబొడ్డున ఉండే ఎండుభూములు, ముళ్లపొదలు దాని ఊరు. కంచె గుంజ మీద కూర్చుని పొద్దున్నే ఎండ కాచుకుంటుంది. ఆ ఎండలో మూడు సరుకులు కలిసి వస్తాయి: వేడి, కంటికి కనపడే వెలుగు, యూవీ. సూర్యుడు మూడూ ఒకే పొట్లంలో కట్టిస్తాడు. బజార్లో ఏ దీపమూ అలా సరైన పాళ్లలో ఇవ్వదు. హాలోజన్ బల్బు వేడి ఇస్తుంది, ఎల్‌ఈడీ వెలుగు ఇస్తుంది, యూవీ ట్యూబు యూవీ ఇస్తుంది. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. మీరు గోదావరి జిల్లాల్లో ఉన్నారు కాబట్టి ఆ మూడింటికీ మూడు స్విచ్చులు పెట్టుకోండి. నేను చెప్పొచ్చింది ఇంతే, మిగతాదంతా దీనికి వివరణే.

ఎందుకంటారా? డ్రాగన్ల పెంపకం మీద సలహాలు రాసేవాళ్లలో ఎక్కువమంది చలిదేశాల వాళ్లు. వాళ్ల ఇల్లు 20 డిగ్రీలు ఉంటుంది. పొద్దున్న అన్నీ ఒక టైమర్‌కి తగిలించి వెళ్లిపోతారు, సాయంత్రం దాకా హాయి. మన మే నెలలో వడగాడ్పు కొట్టే రోజు, మిద్దె కింది గదిలో ఫ్యాను తిరుగుతుండగానే 35, 36 ఉంటుంది. దాంట్లో డ్రాగన్ ఉండే నాలుగడుగుల పెట్టె, అందులో 100 వాట్ల బల్బు పన్నెండు గంటలు వెలిగితే ఏమవుతుంది? పెట్టెలో చల్లటి మూల అనేదే ఉండదు. డ్రాగన్‌కి వెచ్చటి రాయి పైన 40, 42 డిగ్రీలు కావాలి, నిజమే. రెండో చివర 30 లోపు ఉండాలి, అదీ అంతే నిజం. అది అటూ ఇటూ నడుచుకుంటూ తన ఒంటి వేడి తనే సర్దుకుంటుంది. పారిపోవడానికి నీడ లేకపోతే ఒక్క మధ్యాహ్నం చాలు, ప్రాణం పోతుంది.

అప్పుడు మనం ఏం చేస్తాం? భయపడి లైట్లన్నీ ఆర్పేస్తాం. వేసవి మూడు నెలలూ అలా ఆర్పేస్తే యూవీ కూడా పోయింది గదా, మళ్లీ దవడ రబ్బరు. వేడి, యూవీ రెండూ కలిపి ఇచ్చే పాదరసం ఆవిరి బల్బులు కొన్ని అమ్ముతారు, ధర కూడా గట్టిగానే ఉంటుంది. చలిదేశంలో ఏమోగానీ మన దగ్గర నేను వద్దంటాను. వేడి తగ్గించాలంటే యూవీ తీసెయ్యాలి, యూవీ కావాలంటే వేడి భరించాలి. వాటికి డిమ్మర్ కూడా పనికిరాదు.

మా ఇంట్లో ఎండాకాలం లెక్క ఇదండి: ఏడింటికి మూడూ వెలుగుతాయి. పదిన్నర, పదకొండుకి వేడి బల్బు ఆగిపోతుంది. యూవీ, ఎల్‌ఈడీ సాయంత్రం ఏడు దాకా ఉంటాయి. ముసురు పట్టిన శ్రావణంలో, సంక్రాంతి చలిలో వేడి బల్బు రోజంతా. చలికాలంలో మొత్తం వెలుగు పదకొండు గంటలకి తగ్గిస్తాను.

స్విచ్చులు వేరన్నాను గదా అని పెట్టెలో ఒక మూల వేడి, ఇంకో మూల యూవీ పెట్టకండేం. ఇందాక చెప్పినట్టు చర్మంలో తయారైనది డి3గా మారడానికి వెచ్చదనం కావాలి. పైగా అది ఎండ కాచుకుంటున్నాననుకుని వచ్చి కూర్చునేది వేడి దగ్గరే. అంచేత యూవీ ట్యూబు వేడి బల్బు పక్కనుంచి మొదలై పెట్టె సగం, మరీ అయితే మూడింట రెండు వంతుల దాకా రావాలి. అవతలి చివర యూవీ సున్నా, చల్లటి నీడ. యూవీ ఇండెక్స్, అంటే యూవీ ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకె, దాన్ని కొలిచే మీటరు ఉంది, సోలార్‌మీటర్ 6.5 అంటారు. దాంతో చూస్తే రాయి మీద 3 నుంచి 5 మధ్య ఉంటే బాగున్నట్టు. మే నెల మిట్టమధ్యాహ్నం బయట ఎండలో 11 దాటుతుంది, పోల్చుకోండి. ఆ మీటరు ఖరీదైనదే. నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది.

ఇప్పుడు నా సొంత సబ్జెక్టు, ట్యూబులు. కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓర్చుకోండి.

యూవీకి మెలికల బల్బు వద్దు, పొడుగు ట్యూబే తీసుకోండి. టీ5 హెచ్‌ఓ అంటారు, టీ5 అంటే సన్నరకం ట్యూబు, హెచ్‌ఓ అంటే హై అవుట్‌పుట్. ఆర్కేడియా, జూ మెడ్ లాంటి కంపెనీలవాళ్లు డ్రాగన్లకి యూవీ-బి 10 శాతం, 12 శాతం అని చేస్తారు. నాలుగడుగుల పెట్టెకి 24 వాట్లదో, 39 వాట్లదో సరిపోతుంది. ఇక్కడే మనవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. 24 వాట్ల హెచ్‌ఓ ట్యూబు పొడుగు 549 మిల్లీమీటర్లు. మామూలు 14 వాట్ల టీ5 ట్యూబు పొడుగూ 549 మిల్లీమీటర్లే. పిన్నులూ అవే. అలాగే 39కి 21, 54కి 28 జోడీ. ట్యూబొక్కటే తెప్పించుకుని, అటక మీదున్న పాత 14 వాట్ల పట్టీలో, అంటే ట్యూబు బిగించే ఫిట్టింగులో, పెట్టేస్తారు. చక్కగా కూర్చుంటుంది, చక్కగా వెలుగుతుంది. లోపల చోక్ మాత్రం 14 వాట్ల చోక్. ట్యూబుకి కావలసినంత కరెంటు ఇవ్వదు. కంటికి కాస్త మసగ్గా అనిపిస్తుందంతే, యూవీ మాత్రం గణనీయంగా పడిపోతుంది. హెచ్‌ఓ చోక్ ఉన్న పట్టీయే తీసుకోండి, వెనకాల అద్దంలాంటి రిఫ్లెక్టర్ ఉన్నది. ఆ పట్టీకి కింద ప్లాస్టిక్ మూత ఉంటే పీకి పారెయ్యండి, యూవీ-బిని అది మింగేస్తుంది.

జాలీ సంగతి. కడియం నర్సరీల్లో షేడ్ నెట్ చూశారు గదా, దాని కింద నిలబడితే ఎండ సగమైపోతుంది. పెట్టె మీద ఇనప జాలీ వేసి, దాని పైన ట్యూబు పెడితే అదే జరుగుతుంది. జాలీ సన్నదనాన్ని బట్టి మూడో వంతో, ఇంకా ఎక్కువో పోతుంది. దోమలకని సన్నటి మెష్ కొట్టించారంటే ఇక చెప్పక్కర్లేదు. వీలైతే ట్యూబు జాలీ లోపలే పెట్టండి. అప్పుడు ట్యూబుకీ డ్రాగన్ వీపుకీ మధ్య 12 నుంచి 15 అంగుళాలు ఉండాలి. రాయికి కాదు, వీపుకి. అది రాయి మీద కూర్చుంటే రెండంగుళాలు పైకి లేస్తుంది, పిల్లదైతే తక్కువ. ఏ ట్యూబుకి ఎంత దూరమో అట్టపెట్టె మీద పట్టిక ఉంటుంది, దాన్నే నమ్మండి.

పక్కగోడకి మాత్రం ఎప్పుడూ బిగించవద్దు. సూర్యుడు పైనుంచి వస్తాడని దానికి కళ్ల మీద గట్టులాంటి ఎముక ఉంది, మన టోపీ అంచులాగ. పక్కనుంచి కొట్టే యూవీకి ఆ గట్టు అడ్డురాదు. కళ్లు వాచి మూసుకుపోతాయి.

ఇంకోటి, ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, యూవీ మాత్రం నెలనెలా తరుగుతుంది. మీటరు లేనివాళ్లు ఏడాదికి మార్చెయ్యండి. పెట్టిన తేదీ ట్యూబు చివర మార్కర్‌తో రాయండి. నేను షాపులో అమ్మే బ్యాటరీలకి రాస్తాను గానీ, దీనికి రాయాలని చాన్నాళ్లు తట్టలేదు.

వేడికి మాత్రం ఖరీదైన బల్బు అక్కర్లేదు. తెల్లటి హాలోజన్ ఫ్లడ్ బల్బు చాలు. పెట్టె ఎత్తుని బట్టి 50, 75, 100 వాట్లు. దాన్ని బల్బులకి వాడే డిమ్మర్‌కి తగిలించుకోండి. ఫ్యాను రెగ్యులేటరు ఉందిగా అంటారు. ఇప్పటి స్టెప్ రెగ్యులేటర్లలో ఉండేవి ఫ్యాను కోసం లెక్కగట్టిన కెపాసిటర్లు, బల్బుకి వద్దు. యూవీ ట్యూబుకి ఏ డిమ్మరూ వద్దు.

ఓల్టేజీ కూడా చూసుకోవాలి. చెరువులున్న ఊళ్లలో లైను చివరి ఇంటికి 230 రావలసింది 180కి దిగిపోవడం నేనే మీటరు పెట్టి చూశాను. అప్పుడు బల్బు వేడి మూడింట రెండు వంతులే. అంచేత బల్బు వాట్లు చూసి తృప్తి పడకుండా, రాయి వేడి చూడండి. కరోనా రోజుల్లో నుదుటి దగ్గర పెట్టిన తుపాకీ ఇంట్లో ఉంది కదా అంటారు. అది జ్వరం వరకే చూపిస్తుంది, పైకి పోదు. మోటార్ల బాడీ వేడి చూసే మెకానిక్ తుపాకీ కొనుక్కోండి. రాయి మీద గురిపెట్టి నొక్కండి, చాలు.

అయినా కోళ్లఫారంలో నేర్చుకున్న సంగతి ఒకటుంది. బ్రూడర్ కింద, అంటే వెచ్చదనానికి పెట్టే బల్బు కింద, కోడిపిల్లల్ని పెంచే ముసలాయన ఎప్పుడూ థర్మామీటరు చూసేవాడు కాదు, పిల్లల్ని చూసేవాడు. బల్బు కిందే గుమిగూడితే చలి, గోడవారకి చెదిరిపోతే వేడి. డ్రాగన్ కూడా అంతే. రాయి మీద పడుకుని కాసేపు నోరు తెరిస్తే ఒళ్లు కాగిందని అర్థం. లేచి నీడకి వెళ్తుంది. నీడలో ఉండి కూడా నోరు తెరిచే ఉందంటే మీరు తక్షణం బల్బు ఆపాలి. కూలరు మాత్రం పెట్టె వైపు తిప్పకండి. అసలే మన గాలిలో తేమెక్కువ, దానికి 30, 40 శాతం చాలు.

యూవీ అన్న ప్రతిదీ యూవీ-బి కాదు. మన ప్రాంతంలో కనపడే అలాంటి దీపాలు నాలుగున్నాయి. మిఠాయి కొట్లో ఈగల్ని లాగే నీలం ట్యూబు, నోట్లు చూసే లైటు, ఇవి యూవీ-ఎ. ఎముకకి పనికిరావు. రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీల్లో, వాటర్ ఫిల్టర్లలో నీళ్లు శుద్ధి చేసే దీపం యూవీ-సి, 254 నానోమీటర్లు. అది క్రిముల్ని చంపడానికి చేసింది, డ్రాగన్ కళ్లూ చర్మమూ కాల్చేస్తుంది. మీ కళ్లు కూడా. హేచరీలో పనిచేసే కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, మా దగ్గర పాతది పడి ఉంది, పెట్టెయ్యనా" అన్నాడు. చేతులెత్తి దణ్ణం పెట్టాను. నాలుగోది, చర్మం డాక్టర్ల దగ్గర బొల్లికి వాడే ట్యూబు. అది యూవీ-బియే, కానీ వైద్యం కోసం నిమిషాలు లెక్కపెట్టి ఇచ్చే మోతాదు. జోలికి పోవద్దు.

"కిటికీ పక్కన పెడితే ఎండ ఉచితంగా వస్తుంది గదా" అంటారు. అద్దం యూవీ-బిని దాదాపు రానివ్వదు, వేడిని మాత్రం పెట్టెలో బంధిస్తుంది. గాజు పెట్టెని ఎండలో పెట్టడమంటే పొయ్యి మీద పెట్టడమే. ఎండ చూపించాలంటే తీగల బోను కావాలి, సగం గోనె కప్పి నీడ ఉంచాలి, మీరు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మన కాకులూ గద్దలూ సంగతి తెలిసిందే గదా. ఏప్రిల్‌లో అయితే ఎనిమిదింటికి పావుగంట, ఇరవై నిమిషాలు. తెల్లారగట్ట ఎండ హాయిగా ఉంటుంది గానీ అందులో యూవీ-బి చాలా తక్కువ.

గెడ్డపాయన్ని మొదటిసారి డాబా మీదికి తీసుకెళ్లిన రోజు నాకు గుర్తే. బోనులో పెట్టగానే ఒక్క నిమిషం కదల్లేదు. తర్వాత పక్కటెముకలు పరిచేసి, అప్పడంలాగ పల్చబడి, ఒళ్లంతా సూర్యుడి వైపు వాల్చాడు. లేత గోధుమరంగు వీపు, తడిసిన చేను మట్టిలాగ నల్లబడింది. నల్లబడితే వేడి తొందరగా పీల్చుకుంటుందన్నమాట. ఎవరు చెప్పారు వాడికి? పుట్టింది పెట్టెలో, పెరిగింది నా చెత్త బల్బు కింద.

రాత్రికి ఏ లైటూ వద్దు. ఎర్రది, నీలం అని రాత్రి బల్బులు అమ్ముతారు. డ్రాగన్‌కి మనకన్నా రంగులు ఎక్కువ కనపడతాయి, యూవీ-ఎ కూడా కనపడుతుంది. నడినెత్తి మీద వెలుగుని గుర్తుపట్టే మూడో కన్ను లాంటి చుక్క కూడా ఉంది. ఎర్ర బల్బు పెట్టి పడుకోమంటే పడుకోదు. మన ఇళ్లలో సంక్రాంతికి కూడా 18 కంటే కిందికి పడేది అరుదు, రాత్రి వేడి అవసరమే లేదు. కరెంటు పోతే కంగారు పడకండి. యూవీ ట్యూబు 24 వాట్లే, సైన్ వేవ్ ఇన్వర్టరు మీద నడుస్తుంది. వేడి బల్బుని ఇన్వర్టరుకి తగిలించవద్దు. రెండు గంటలు చల్లగా ఉంటే దానికేం కాదు.

కొన్నప్పటి రసీదు దాచుకోండి. ఆస్ట్రేలియా తన అడవి సరీసృపాల్ని పెంపకానికని బయటికి పంపదు, మన దగ్గర తిరిగేవి పెంపకంలో పుట్టినవై ఉండాలి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, విదేశీ జంతువుల లెక్కలు గట్టిగా అడుగుతున్నారు. డ్రాగన్ ఖరీదని ఉడుముని పట్టుకొచ్చేవాడు ఎవడైనా ఉంటే, అది నేరుగా జైలు దారి.

ప్రశ్నలున్నాయా? ...ఆ, అమ్మా, చెప్పండి. గెడ్డపాయన ఉన్నాడా అనా? ఉన్నాడండి, ఐదో ఏడు. దవడ కొంచెం పక్కకే ఉండిపోయింది, అది మళ్లీ తిన్నగా అవ్వదు. వేళ్లు అదరడం మాత్రం లైటు మార్చి, డాక్టరు గారి మందు పడ్డ రెండు నెలలకి ఆగింది. ఆ వెనక బల్ల మీద గుడ్డ కప్పి ఉన్న పెట్టె ఆయనదే. అందరూ ఒక్కసారి మీద పడకుండా ఇద్దరిద్దరు రండి, గెడ్డం నల్లబడిందంటే కాస్త వెనక్కి జరగండి. మెకానిక్ తుపాకీ ఇదిగో, రాయి మీద ఎంతుందో ఎవరికి వాళ్లు నొక్కి చూసుకోవచ్చు.